గేమింగ్ గ్రూపు పెంచడానికి సొంత గేమ్: బ్రౌజరా, రోబ్లాక్సా, మైన్‌క్రాఫ్ట్ సర్వరా?

2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించారు. అప్పటికి మా గ్రూపులో రోజూ రాత్రి పది దాటాక నాలుగైదు స్క్వాడ్‌లు దిగేవి. నెల తిరిగేసరికి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెట్టేవాళ్లు తప్ప ఎవరూ మిగల్లేదు. 2021 జూలైలో అదే గేమ్ బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది, మళ్లీ కొందరు చేరారు. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి మాయమైంది. 2023 మేలో తిరిగొచ్చేసరికి పాతవాళ్లలో కొందరికి ఉద్యోగాలు, కొందరికి పెళ్లిళ్లు. ఇంకొకరి గేమ్ చుట్టూ కట్టుకున్న గ్రూపంటే అద్దింట్లో కాపురమే. ఓనరు తాళం వేసుకుంటే సామాను రోడ్డు మీద.

అందుకే చాలా గ్రూపుల్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: "మనమే ఒక గేమ్ చేద్దాం బ్రో, అది ఆడినవాళ్లు మన గ్రూపులోకి వస్తారు." ఆలోచన మంచిదే. ఏ రకం గేమ్ చెయ్యాలన్న దగ్గరే దెబ్బ తింటాం. మేం మొదట ఓపెన్ వరల్డ్ అనుకున్నాం. చార్మినార్ సెంటర్, ట్యాంక్‌బండ్ మీద బైక్ రేసులు, అన్నీ. ఎనిమిది నెలలు గడిచాక మా దగ్గర ఉన్నది లోగో, టైటిల్ మ్యూజిక్, గోడల్లోంచి దూరిపోయే ఒక బైకు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ తర్వాత చిన్నవి రెండు మూడు చేశాం, వాటిలో ఒకటి పనిచేసింది. ఇక్కడ చెప్పేది ఆ అనుభవం నుంచే.

డిస్కార్డ్ పుట్టిందే ఒక గేమ్ కంపెనీలో. హ్యామర్ అండ్ చిజెల్ అనే స్టూడియో 2014లో ఐప్యాడ్ కోసం ఫేట్స్ ఫరెవర్ అనే గేమ్ విడుదల చేసింది. గేమ్ హిట్ కాలేదు. ఆటగాళ్లు మాట్లాడుకోవడానికి మంచి సాధనం లేదని వాళ్లు 2015లో తెచ్చిన చాట్ యాప్ మాత్రం మనందరి ఫోన్లలో ఉంది. గేమ్ పోయినా దాని చుట్టూ చేరిన మాటలు మిగలొచ్చు. మనం చేసే గేమ్ నుంచి మనకు కావలసిందీ అంతే.

రప్పించడానికా, నిలబెట్టడానికా?

ఈ రెండు పనులూ ఒకే గేమ్ చేస్తుందని ఆశపడకండి. కొత్తవాణ్ని రప్పించే గేమ్ నిమిషంలో అర్థమవ్వాలి, ఒంటరిగా ఆడినా బాగుండాలి, డౌన్‌లోడ్ లేకుండా తెరుచుకోవాలి. ఉన్నవాళ్లను నిలబెట్టే గేమ్ దీనికి పూర్తిగా రివర్స్: నలుగురు కలిస్తేనే మజా, రేపు కూడా రావాలనిపించే లెక్కలు, స్నేహితుణ్ని ఓడించిన ఆనందం. మీ గ్రూపులో ముప్పై మంది ఉండి ముప్పై మందీ రోజూ మాట్లాడుకుంటుంటే మీకు కావలసింది మొదటిది. రెండు వేల మంది ఉండి ఎవరూ నోరు విప్పకపోతే రెండోది. ఇలాంటప్పుడు చాలామంది అడ్మిన్లు ఇంకో వెయ్యి మందిని తేవాలని చూస్తారు. వాళ్లొచ్చినా మౌనంగా కూర్చునేవాళ్ల సంఖ్యే పెరుగుతుంది.

బ్రౌజర్ గేమ్: ఎక్కువమందికి నా సలహా ఇదే

లింకు నొక్కితే గేమ్ తెరుచుకోవాలి. వాట్సాప్‌లో పంపగానే అవతలివాడు బస్సులో నిలబడే ఆడేయాలి. ఈ ఒక్క గుణం ముందు మిగతా దారుల గొప్పలు చిన్నబోతాయి.

వర్డిల్ సంగతి గుర్తుందా? జాష్ వార్డిల్ తన భాగస్వామి కోసం చేసిన, రోజుకో ఇంగ్లిష్ పదాన్ని ఊహించి కనుక్కునే ఆట. 2021 నవంబర్ 1న దాన్ని ఆడినవాళ్లు 90 మంది. 2022 జనవరి 2 నాటికి 3 లక్షలు దాటారు. మధ్యలో జరిగిందేమిటంటే, తమ ఫలితాన్ని ఆకుపచ్చ, పసుపు డబ్బాల బొమ్మలుగా చేత్తో టైపు చేసి పంచుకుంటున్న ఆటగాళ్లను చూసి, ఆయన ఆ పని చేసే షేర్ బటన్‌ను గేమ్‌లోనే పెట్టాడు. ఆ డబ్బాలు చూసినవాళ్లకు "ఇదేంటి?" అని దురద పుట్టింది. ఆయన షేర్ చేసే ముక్కలో లింకు కూడా పెట్టలేదు. మనం అంత నిష్ఠగా ఉండక్కర్లేదు, లింకు పెట్టండి.

మేం చేసి పనిచేసింది కూడా ఇలాంటిదే, రోజుకో తెలుగు పదం. ఇక్కడ ఇంగ్లిష్‌లో లేని, తెలుగులో ఎదురయ్యే తలనొప్పి ఒకటుంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లిష్ ఆట కోడ్ తెచ్చి తెలుగు పదాలు పోస్తే ఒత్తులు ఒక డబ్బాలో, అక్షరాలు ఇంకో డబ్బాలో పడతాయి. మా మొదటి వెర్షన్‌లో సరిగ్గా అదే జరిగింది, "రాష్ట్రం" చూసి ఒకాయన "ఇది ఏ రాష్ట్రం భాష?" అని అడిగాడు. పదాన్ని ముందు అక్షరాలుగా విడగొట్టి, ఆ తర్వాతే డబ్బాల్లో పెట్టాలి. ఈ పనికి వారం పట్టినా పెట్టండి.

ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, ఎంచుకునేటప్పుడు కూడా ఇదే పరీక్ష చెయ్యండి. గోడో ఉచితం, ఓపెన్ సోర్స్. దాని 3వ వెర్షన్‌లో తెలుగు ఒత్తులు విడిపోతాయి, 4వ వెర్షన్ నుంచి సరిగ్గా కూర్చుంటాయి. యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్‌ప్రోలో తెలుగు రాసి చూస్తే ఏడుపొస్తుంది, అక్షరాల బదులు బొమ్మలు పెట్టుకుని బండి లాగించాలి. గేమ్ మరీ చిన్నదైతే ఏ ఇంజినూ వద్దు, మామూలు జావాస్క్రిప్ట్ చాలు. బ్రౌజర్ తెలుగును ఎలాగూ సరిగ్గానే చూపిస్తుంది. ఫాంట్లకు ఖర్చు లేదు: మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, అన్నీ ఉచితమే.

గోడో 4తో వెబ్‌కు ఎగుమతి చెయ్యాలంటే 4.3 గానీ ఆపై వెర్షన్ గానీ తీసుకోండి. అంతకు ముందువి సర్వర్‌లో ప్రత్యేకమైన సెట్టింగులు ఉంటే తప్ప చాలా చోట్ల తెరుచుకునేవి కావు. సీ షార్ప్‌లో రాస్తే గోడో 4 నుంచి వెబ్‌కు వెళ్లదు, దాని సొంత భాష జీడీస్క్రిప్ట్‌లోనే రాయండి. కోడింగ్ రానివాళ్లకు జీడెవలప్ ఉంది. పెట్టడానికి చోటంటే ఇచ్ డాట్ ఐవో చాలు, జిప్ ఫైలు ఎక్కిస్తే అయిపోతుంది, పైసా కట్టక్కర్లేదు. బ్రౌజర్లు మొదటి టచ్ పడేదాకా శబ్దం రానివ్వవు కాబట్టి "ఆడు" అనే బటన్ ఒకటి ముందు పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే దాని సొంత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, అక్కడ కూడా ఒకసారి ఆడి చూసుకోండి. మంచి ఫోన్‌లో కాదు, ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్‌లో.

ఏం గేమ్ చెయ్యాలో తోచకపోతే పులిజూదం చూడండి. మూడు పులులు, పదిహేను మేకలు. నియమాలు అమ్మమ్మలకు తెలుసు, కాపీరైట్ గొడవ లేదు. పైగా ఒక ఎత్తు వేసి ఫోన్ జేబులో పెట్టుకుంటే అవతలివాడు సాయంత్రం తన ఎత్తు వేస్తాడు. ఇద్దరూ ఒకే సమయానికి ఆన్‌లైన్‌లో ఉండక్కర్లేదు. డల్లాస్‌లో ఉన్నవాడు, దుబాయ్‌లో ఉన్నవాడు, విజయవాడలో ఉన్నవాడు కలిసి ఆడే గ్రూపుకు ఇది చాలా పెద్ద విషయం. వర్డిల్ తరహా ఆట కన్నా దీనికి పని ఎక్కువే, ఎత్తులు దాచుకోవడానికి సర్వర్ కావాలి. అది మీ గ్రూపులో ఒక్కరికైనా వస్తేనే మొదలుపెట్టండి.

బ్రౌజర్ గేమ్‌కు లోటు ఒకటే. దాన్ని మీరే తిప్పాలి. ఇచ్‌లో పెట్టి కూర్చుంటే ఎవరూ రారు.

రోబ్లాక్స్: పిల్లలున్న చోటికి వెళ్లడం

మీ గ్రూపు ఎక్కువగా హైస్కూల్, ఇంటర్ వయసువాళ్లదైతే, ఎవరైనా గేమ్ చేసి పెట్టగలిగే రోబ్లాక్స్ యాప్ గట్టి పోటీదారే. గేమ్ తయారుచేసే రోబ్లాక్స్ స్టూడియో ఉచితం, కోడ్ రాసే భాష లువావు, మల్టీప్లేయర్ సర్వర్లు వాళ్లే నడుపుతారు, గేమ్ ఫోన్‌లోనూ ఆడుతుంది. చెయ్యడానికి మాత్రం కంప్యూటర్ కావాలి. గేమ్ చేశాక సర్వర్ బిల్లు, హ్యాకింగ్ టెన్షన్ మీకు ఉండవు, ఇది చిన్న సుఖం కాదు.

అక్కడ ఇంకో మంచి సదుపాయం ఉంది. రోబ్లాక్స్ లోపలే గ్రూపు పెట్టుకోవచ్చు, దానికి 100 రోబక్స్ (రోబ్లాక్స్ లోపలి డబ్బు) అవుతుంది. ఆడుతున్నవాడు గ్రూపులో సభ్యుడో కాదో గేమ్ తెలుసుకోగలదు. సభ్యులకు ప్రత్యేకమైన తలపాగా, వేరే రంగు పేరు, ఒక రహస్యమైన గది ఇచ్చారనుకోండి, చేరమని అడగక్కర్లేకుండానే చేరతారు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. రోబ్లాక్స్ నుంచి బయటికి, అంటే మీ డిస్కార్డ్‌కు తీసుకురావడం కష్టం. బయటి లింకులను గేమ్ లోపల బోర్డులు కట్టి చూపించడానికి వీల్లేదు, గేమ్ పేజీలో సోషల్ లింకులకు కేటాయించిన చోటే పెట్టాలి. అవి కూడా చిన్న వయసు ఖాతాలకు కనిపించవు. డిస్కార్డ్‌లోకి 13 ఏళ్ల లోపు వాళ్లను రానివ్వకూడదు కూడా. ఇది న్యాయమైన నియమమే, తప్పించుకునే దారులు వెతకొద్దు. ఫలితం ఏమిటంటే గేమ్‌కు విజిట్స్ పెరుగుతాయి, మీ గ్రూపు అక్కడే ఉంటుంది. వాపు చూసి బలుపు అనుకుంటాం. రోబ్లాక్స్‌లోని గ్రూపే మీ అసలు గ్రూపు అనుకుంటే మాత్రం ఈ బెంగ లేదు. అప్పుడు మళ్లీ అద్దిల్లే, కాకపోతే కాస్త పెద్దది.

మైన్‌క్రాఫ్ట్ సర్వర్

గేమ్ చెయ్యడం కన్నా ఊరు కట్టడం లాంటిది ఇది. పేపర్ అనే ఉచిత సర్వర్ సాఫ్ట్‌వేర్, దానిపై ప్లగిన్లు (అదనపు హంగులిచ్చే చిన్న ప్రోగ్రాములు) వేసుకుని మీ సొంత నియమాలతో ప్రపంచం నడపొచ్చు. కోడింగ్ పెద్దగా అక్కర్లేదు, ఓపిక కావాలి. మనవాళ్లలో ఫోన్‌లో బెడ్‌రాక్ ఎడిషన్ ఆడేవాళ్లు ఎక్కువ, పేపర్ మాత్రం కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌ది. గీజర్, ఫ్లడ్‌గేట్ అనే ప్లగిన్లు వేస్తే ఫోన్‌వాళ్లు కూడా వచ్చి చేరతారు. అవి లేకుండా మొదలుపెడితే సగం మందిని గుమ్మం దగ్గరే ఆపేసినట్టు. సర్వర్ ముంబైలో గానీ సింగపూర్‌లో గానీ తీసుకోండి, యూరప్‌లో చవగ్గా దొరికిందని తీసుకుంటే ల్యాగ్ తిట్లు మీరే వినాలి.

గేమ్ కొనుక్కున్నవాళ్లే రాగలరు కాబట్టి కొత్తవాళ్లను రప్పించడానికి ఇది ఇరుకు దారి. వచ్చినవాళ్లను నిలబెట్టడంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఇల్లు కట్టుకున్నవాడు ఊరు వదిలి పోడు కదా. కానీ ఖాళీ సర్వర్ కన్నా దిగులు పుట్టించేది లేదు. ఎవరైనా వచ్చి, చుట్టూ చూసి, ఎవరూ లేక వెళ్లిపోతే మళ్లీ రారు. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచే బదులు వారానికి మూడు రాత్రులు, రెండేసి గంటలు తెరవండి. సంతలాగా. సంత రోజున జనం ఉంటారని అందరికీ తెలుసు.

ఖర్చులకోసం డబ్బు తీసుకోవాలనుకుంటే మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మోజాంగ్ కంపెనీ నియమాలు చదవండి. ఆటలో బలం పెంచే కత్తులు, కవచాలు డబ్బుకు అమ్మకూడదు. అందానికి పనికొచ్చేవి అమ్ముకోవచ్చు.

డిస్కార్డ్ లోపలే గేమ్

బాట్, అంటే చాట్‌లో దానంతటదే జవాబులిచ్చే ప్రోగ్రామ్, రాయడం ఒక శనాదివారాల పని. క్విజ్, అంత్యాక్షరి, పొడుపు కథలు. డిస్కార్డ్ 2024 నుంచి యాక్టివిటీలు తయారుచేసే వీలు బయటి డెవలపర్లకూ ఇచ్చింది, అంటే వాయిస్ ఛానెల్‌లో కూర్చునే అందరూ కలిసి ఆడే వెబ్ గేమ్ మీరు చెయ్యొచ్చు. బాట్, యాక్టివిటీ రెండూ గ్రూపులో ఇప్పటికే ఉన్నవాళ్ల కోసమే. ఇంట్లో క్యారమ్ బోర్డు కొన్నంత మాత్రాన వీధిలో పోయేవాళ్లు లోపలికి రారు. బాట్‌కు ఎప్పుడూ వెలుగుతుండే సర్వర్ కావాలి, "ఉచితం" అని చెప్పే హోస్టింగ్‌ల మీద ఆశ పెట్టుకోకండి. హెరోకు అనే హోస్టింగ్ కంపెనీ 2022 నవంబర్‌లో తన ఉచిత ప్లాన్లు ఎత్తేసినప్పుడు ఎన్ని బాట్‌లు మూగబోయాయో.

ముందు బ్రౌజర్ గేమ్ చేసి, అది నిలదొక్కుకున్నాక అదే గేమ్‌ను యాక్టివిటీగా మార్చడం తెలివైన వరస. సాంకేతికంగా రెండూ వెబ్బే కాబట్టి పని తిరిగి మొదటినుంచి ఉండదు.

క్రాఫ్ట్‌ల్యాండ్, వరల్డ్ ఆఫ్ వండర్ లాంటి మ్యాప్‌లు

ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఆడే గ్రూపైతే వాటిలోనే (ఫ్రీ ఫైర్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్, బీజీఎంఐలో వరల్డ్ ఆఫ్ వండర్) మ్యాప్ చేసుకుని కోడ్ పంచుకోవడం అన్నిటికన్నా సులువు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది, ఖర్చు లేదు. టోర్నమెంటు ముందు వేడెక్కించడానికి బాగుంటుంది. అంతకు మించి దాని మీద ఏమీ కట్టకండి. 2020 సంగతి పైన చెప్పాను. ఫోర్ట్‌నైట్‌కు అన్‌రియల్ ఎడిటర్‌తో ద్వీపాలు చెయ్యొచ్చు గానీ దానికి మంచి విండోస్ కంప్యూటర్ కావాలి, మన తెలుగు గ్రూపుల్లో ఆడేవాళ్లూ తక్కువే.

ప్లే స్టోర్, స్టీమ్

మొదటి గేమ్‌కు వద్దు. ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, అది సమస్య కాదు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చెయ్యడానికి దరఖాస్తు. గ్రూపున్నవాళ్లకు పన్నెండు మంది దొరుకుతారు, ఆ మేరకు మీకు లాభమే. కానీ ఇన్‌స్టాల్ చెయ్యమని అడగ్గానే కొత్తవాళ్లు వెనక్కి తగ్గుతారు. ఎవరో తెలియని గ్రూపు కోసం ఫోన్‌లో చోటు ఎవరిస్తారు?

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టోర్ స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు, విడుదలకు ముందు నిరీక్షణలు, అక్కడ పోటీపడేది పూర్తికాలం పనిచేసే స్టూడియోలతో. గ్రూపు కోసం స్టీమ్ గేమ్ చెయ్యడమంటే ఎలుక కోసం కొండ తవ్వడం.

ఏది చేసినా దూరంగా ఉంచాల్సినవి

ఎంట్రీ ఫీజు పెట్టి గెలిచినవాడికి డబ్బు ఇచ్చే గేమ్ జోలికి వెళ్లొద్దు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధించింది. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ముందే అడ్డుకట్ట వేశాయి. "చిన్న గ్రూపు కదా, ఎవరు చూస్తారు" అనే అన్నయ్య ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. అతని మాట వినకండి.

హీరోల ఫొటోలు, సినిమా డైలాగుల ఆడియో కూడా వద్దు. మొదటి రోజు వెర్రిగా షేర్ అవుతుంది, తర్వాత తీసేయమని నోటీసు వస్తే గ్రూపు పేరు కూడా దాంతోపాటు పోతుంది. ఆటలో ఫోన్ నంబరు, అసలు పేరు అడగొద్దు, ముద్దుపేరు చాలు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ప్రకారం 18 లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ బరువు మీరు మొయ్యలేరు.

నన్నడిగితే

వంద మంది లోపు, అన్ని వయసులవాళ్లు, ఒకరిద్దరికి కాస్త కోడింగ్ వచ్చు: బ్రౌజర్ గేమ్, రోజుకొకటి, నిమిషంలో అయిపోయేది, తెలుగులో. గడువు ఆరు వారాలు. అంతకు మించితే గేమ్‌నే చిన్నది చెయ్యండి, గడువు పెంచొద్దు. గ్రూపు పెద్దదై నిద్రపోతుంటే: మైన్‌క్రాఫ్ట్ సంత, లేదా డిస్కార్డ్ బాట్. అడ్మిన్లే ఇంటర్ చదివే పిల్లలైతే రోబ్లాక్స్, ఎందుకంటే వాళ్లకు సరదాగా నేర్చుకోవడమూ అవుతుంది, గ్రూపు పెరగకపోయినా ఆ చదువు ఎక్కడికీ పోదు.

గేమ్ నుంచి గ్రూపుకు వచ్చే తలుపు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముందే తేల్చుకోండి. మొదటి స్క్రీన్ మీద పెడితే ఎవరూ నొక్కరు. ఓడిపోయినప్పుడూ పెట్టొద్దు, కోపంలో ఉంటాడు. గెలిచాక, "నిన్నటి పదం మీద గొడవ ఇక్కడ జరుగుతోంది" అని ఒక్క వాక్యం పెట్టి చూడండి. మాకు "జాయిన్ అవ్వండి" కన్నా అదే బాగా పనిచేసింది. వాట్సాప్‌కు ఒకటి, ఇన్‌స్టాకు ఒకటి, గేమ్‌కు ఒకటి అని వేర్వేరు ఇన్వైట్ లింకులు చేసుకుంటే ఏ దారిలో ఎంతమంది వచ్చారో డిస్కార్డ్ సెట్టింగుల్లోనే కనిపిస్తుంది.

ఆ లింకు గురించి ఇంకో మాట. డిస్కార్డ్ ఇన్వైట్ మామూలుగా చేస్తే 7 రోజులకు చెల్లిపోతుంది, "ఎప్పటికీ" అని మనమే మార్చుకోవాలి. మేం మార్చలేదు. గేమ్ బాగా తిరిగిన రెండో వారమంతా గెలిచినవాళ్లందరికీ చచ్చిపోయిన లింకు చూపించాం. ఆ వారం చివర్లో ఒకమ్మాయి గేమ్ పేజీ కింద "లోపలికి ఎలా రావాలి?" అని రాస్తే గానీ మాకు తెలియలేదు. ఆవిడ ఇప్పుడు మా అడ్మిన్, రోజువారీ పదాలు ఎంచేది కూడా ఆవిడే.